తేమను చెప్పు సెన్సారు, నీటిని వదలు వాల్వు



బోరు మోటారుకు ఆటోస్టార్టరు పెట్టుకొనని ఊరు నేడు అరుదు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగును. కరెంటు పోవువరకు నీరు పారుచునే యుండును. అర్ధరాత్రి లేచి, గట్లమీద పాములకు వెరచుచు నడచిపోయి, తడిచేతితో స్టార్టరు పెట్టెను తాకవలసిన బాధ తప్పుచున్నది గనుక రైతు దానిని కోరుట సహజమే. ఆ విధముగా పాముకాటుకో, కరెంటు దెబ్బకో మనుష్యులను పోగొట్టుకొనిన కుటుంబములు మన గ్రామములలో కలవు.

కాని ఆటోస్టార్టరుకు తెలిసినది ఒక్కటే: కరెంటు వచ్చినదని. పైరుకు దప్పిక కలదో లేదో దానికి తెలియదు. నిన్న మంచి వాన కురిసి నేల నానియున్నను అది మోటారును తిప్పును. ఒక లైనుమీది మోటారులన్నియు ఒక్క క్షణమున మొదలగుటవలన ట్రాన్స్‌ఫార్మరుమీద భారము పడును.

దీనివలన ఎంత నీరు అనవసరముగా పోవునో లెక్క చూడుడు. ఎకరము పొలముమీద ఒక మిల్లీమీటరు మందమున నిలుచు నీరు సుమారు 4,000 లీటర్లు. ఎండ తీవ్రముగానున్న రోజున గుబురుగా పెరిగిన పైరు 5 మిల్లీమీటర్ల నీరు వాడుకొన్నదనుకొందము. అనగా ఎకరమునకు 20,000 లీటర్లు కావలెను. బోరు సెకనుకు 3 లీటర్లు పోయునదైనచో గంటకు 10,800 లీటర్లు వచ్చును. రెండు గంటలలోపలనే పైరు అవసరము తీరును. అదే మోటారు అదే ఎకరముమీద ఏడు గంటలు తిరిగినచో 75,600 లీటర్లు పోయును. ఎక్కువైన 55,600 లీటర్లు వేళ్లకు అందని లోతునకు దిగును. లేదా పల్లమునకు పారును. అందులో కొంత మరల భూగర్భమునకు చేరవచ్చును. కాని దానిని పైకి తోడుటకైన కరెంటు తిరిగి రాదు. దానితో కొట్టుకొనిపోయిన నత్రజని కూడ తిరిగి రాదు.

కావున మోటారును ఆడించవలసినది కరెంటు కాదు, నేలలోని తేమ. నేల తేమను కొలిచి, ఆ కొలతను తీగ లేకుండ రేడియో ద్వారా పంపి, దానినిబట్టి వాల్వును తెరచి మూయు పరికరములు ఇపుడు వచ్చినవి. వీనిని గూర్చి పరిశోధకులు ఇరువది సంవత్సరములకు పైగా కృషి చేయుచున్నారు. ఈ పాఠములో ఆ పరికరములు పనిచేయు తీరును, పొలములలో జరిగిన పరిశోధనలవలన తెలిసిన సంగతులను, వాల్వును యంత్రమునకు అప్పగించుటకు ముందు రైతు తాను నిర్ణయించవలసిన మూడు విషయములను వివరింతుము.

1. పరికరముల అమరిక

ఈ అమరికలో నాలుగు భాగములుండును.

మొదటిది సెన్సారు. ఇది వేళ్లున్న లోతున నేలలో ఉండి తేమను కొలుచును. సెన్సారులలో రెండు తెగలు ముఖ్యము. ఒకటి టెన్షియోమీటరు. నీటితో నింపిన గొట్టము, దాని అడుగున సన్నని రంధ్రములుగల మట్టి మూతి, పైన ఒక గడియారమువంటి మీటరు దీనికుండును. నేల ఎండిన కొలది గొట్టములోని నీటిని మట్టి లాగుకొనును. ఆ లాగుడు ఎంతయో మీటరు సెంటీబారులలో చూపును. అంకె పెరిగిన కొలది నేల ఎండుచున్నదని అర్థము. రెండవ తెగ సెన్సారు విద్యుత్తు సహాయమున తేమను కనిపెట్టును. విద్యుత్ క్షేత్రమును నిలుపుకొను గుణము నీటికి సుమారు 80 అయినచో, ఎండిన మట్టికి 3 మొదలు 5 వరకు, గాలికి 1 మాత్రమే. ఈ తేడానుబట్టి మట్టిలో నీటి పాలు ఎంతయో ఇది శాతములో చెప్పును. ఇచ్చట అంకె తగ్గిన కొలది నేల ఎండుచున్నదని అర్థము. మీ వద్దనున్నది ఏ తెగదో తెలియక అంకెను చదివినచో అర్థము తలక్రిందులగును.

రెండవ భాగము రేడియో పెట్టె. ఇది సెన్సారు చెప్పిన అంకెను గాలిలో పంపును. బ్యాటరీ ఎక్కువగా ఖర్చగునది రేడియో పలుకునపుడే గనుక ఈ పెట్టె చాల సేపు నిద్రించుచు, నియమిత వేళల మాత్రము మేల్కొని, అంకె పంపి, మరల నిద్రించును. అందువలననే చిన్న బ్యాటరీతోనో, అరచేతి వెడల్పుగల సౌరఫలకముతోనో ఇది నెలల తరబడి పనిచేయగలదు.

మూడవది మోటారు కొట్టములో ఉండు కేంద్రపు పెట్టె. ఇది అన్ని మడులనుండి అంకెలను గ్రహించి, మీరు పెట్టిన హద్దుతో పోల్చి, ఉత్తరువు జారీ చేయును. మీ ఫోనుకు కబురు పంపును.

నాలుగవది వాల్వు. దీనికి ఉత్తరువు అందగానే తెరచుకొనును లేక మూసికొనును. బ్యాటరీతో నడచు వాల్వులలో చాల వరకు ఒక్క క్షణము కరెంటు తగులగానే స్థితి మార్చుకొని, మరల తగులువరకు ఆ స్థితిలోనే నిలుచు రకమువి. దీనివలన బ్యాటరీ ఆదా అగును. దీనిలోని ప్రమాదమును ముందు చెప్పెదము.

2. పొలములలో జరిగిన పరిశోధనలు

ప్రయోగశాల బల్లమీద చక్కగా పనిచేసిన పరికరము పొలములో ఎట్లుండునో పరీక్షించిన వారు పలువురు కలరు. నాలుగు ఉదాహరణములు చూతము.

మొదటిది మనకు మిక్కిలి దగ్గరిది. పూర్వపు అనంతపురము జిల్లాను ఆనుకొనియున్న కర్ణాటకములోని పావగడ తాలూకాలో వేరుసెనగయే వానాధారపు ముఖ్య పంట. తెలుగు మాటలాడువారు అచ్చట చాలమంది కలరు. 2000 తరువాతి దశాబ్దములో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సువారు, స్విట్జర్లాండులోని లోసాన్ సాంకేతిక విద్యాలయమువారు కలసి ఆ తాలూకాలోని చెన్నకేశవపుర గ్రామ పొలములలో తీగలేని సెన్సారులు నాటిరి. వారు పరికరములు తెచ్చుటకు ముందు, రైతులకు ఏ సమాచారము కావలెనని అడిగి తెలిసికొనిరి. అవసరము ముందు, పరికరము తరువాత అను క్రమము ఇందులోని నీతి.

రెండవది హాలెండు దేశములోనిది. బంగాళాదుంపకు వచ్చు లేటు బ్లైటు తెగులును ముందుగా పసిగట్టుటకై డెల్ఫ్ట్ నగరపు పరిశోధకులు 2005లో ఒక పొలమున సుమారు నూరు రేడియో పెట్టెలు పెట్టి గాలి వేడిని, తేమను కొలువ యత్నించిరి. రావలసిన కొలతలలో వారికి చేరినది నూటికి రెండు పాళ్లు మాత్రమే. పెట్టెలలోని ప్రోగ్రాముల పొరపాట్లే దీనికి పెద్ద కారణము. వారు తమ వైఫల్యమును దాచక ప్రకటించుటచే తరువాతి వారికి ఎంతో మేలు కలిగినది. వార్త పంపినంత మాత్రమున అందినట్లు కాదని దీనివలన గ్రహింపవలెను.

మూడవది అమెరికాలోని మోంటానా రాష్ట్రపు సిడ్నీ అను చోట ఆ దేశపు వ్యవసాయ శాఖ పరిశోధకులు చేసినది; 2008లో ప్రకటింపబడినది. కదలుచు నీరు చల్లు యంత్రమును రేడియో వార్తలనుబట్టి నడపిరి. వారు సెన్సారులను తోచినచోట పాతలేదు. ముందు పొలములోని నేల తేడాలను పటముగా గీసి, ఆ పటమునుబట్టి చోట్లు నిర్ణయించిరి.

నాలుగవది మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా సుర్ రాష్ట్రములోనిది, 2014లో ప్రకటింపబడినది. సేజ్ అను సుగంధపు ఆకు పంటలో, సౌరశక్తితో నడచు సెన్సారులు, తమంతట తెరచుకొను వాల్వులు 136 దినములు పనిచేసినవి. ఆ ప్రాంతపు వాడుక పద్ధతితో పోల్చగా 90 శాతము వరకు నీరు ఆదా అయినదని తేలినది. ఈ అంకెను చూచి మీకును అంత ఆదా అగునని తలంపరాదు. ఇదివరకు ఎక్కువగా పారించు చోట ఆదా ఎక్కువ. ఇప్పటికే డ్రిప్పుపై కొలిచి పెట్టువారికి ఆదా తక్కువ. అమ్మకందారు ఎంత శాతము ఆదా అని చెప్పినను, "దేనితో పోల్చి?" అని అడుగవలెను.

ఇక రైతు తాను నిర్ణయించవలసిన మూడు విషయములకు వత్తుము.

3. మొదటి విషయము: సెన్సారు ఎచ్చట పాతవలెను?

సెన్సారు తన చుట్టునున్న పిడికెడు మట్టిని గూర్చియే చెప్పగలదు. ఆ పిడికెడు మట్టి మడి అంతటికి ప్రతినిధి కావలెను. గట్టు ప్రక్కన, చెట్టు నీడలో, నీరు నిలుచు పల్లమున, పైపు కారుచున్నచోట పాతరాదు. పొలములో కొంత ఎఱ్ఱనేల, కొంత నల్లనేల ఉన్నచో రెండింటికి వేరువేరు సెన్సారులు, వేరువేరు వాల్వులు ఉండవలెను. ఒక్క వాల్వు క్రింద రెండు నేలలున్నచో ఏ సెన్సారును రెండింటికి న్యాయము చేయలేదు.

డ్రిప్పు పొలమున కూరగాయ పంటకు డ్రిప్పరునుండి 10-15 సెంటీమీటర్ల దూరమున సెన్సారు ఉంచుట మంచిది. డ్రిప్పరు క్రిందనే పెట్టినచో ఎపుడును తడియే చూపును. సాళ్ల నడుమ పెట్టినచో ఎపుడును పొడియే చూపును. వీలైనచో ఒక్కచోటనే రెండు లోతులలో పెట్టవలెను: ఒకటి 15 సెంటీమీటర్ల లోతున, రెండవది వేళ్లు ముగియు చోట, 40-45 సెంటీమీటర్ల లోతున. పైది ఎపుడు తెరువవలెనో చెప్పును. క్రిందిది ఎక్కువైనదని చెప్పును. తడి పెట్టిన ప్రతిసారి క్రింది అంకె మారుచున్నచో నీరు వేళ్లను దాటి పోవుచున్నదని తెలిసికొనవలెను.

పాతునపుడు మట్టికి, సెన్సారుకు నడుమ గాలి సందు ఉండరాదు. తీసిన మట్టినే మెత్తగా చేసి, తడిపి, గట్టిగా అదిమి పూడ్చవలెను. నల్లరేగడి ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చును. నెఱ్ఱె సెన్సారు ప్రక్కగా పోయినచో కొలత తప్పును. టెన్షియోమీటరు సుమారు 80 సెంటీబారులు దాటిన పిమ్మట పనిచేయదు గనుక బాగా ఎండనిచ్చు నల్లరేగడి పొలములకు అది తగదు. ఉప్పు నేలలలో విద్యుత్తు తెగ సెన్సారులు అసలు తేమకన్న వేరుగా చూపవచ్చును.

రేడియో పెట్టె సంగతి వేరు. తేమతో నిండిన ఆకులు రేడియో తరంగములను అడ్డగించును. నాటిన రోజున చక్కగా అందిన వార్త, మొక్కజొన్న తలదాటి పెరిగినపుడు అందకపోవచ్చును. కావున పెట్టె ఏరియలును పైరు ముదిరినపుడు ఉండబోవు ఎత్తుకన్న పైకి, కఱ్ఱమీద నిలుపవలెను.

4. రెండవ విషయము: ఏ అంకెకు తెరచి, ఏ అంకెకు మూయవలెను?

పుస్తకములోని అంకెను తెచ్చి మీ పొలమునకు పెట్టరాదు. మీ నేలనే అడిగి తెలిసికొనవలెను. సెన్సారు పాతిన పిదప ఆ చోటును బాగుగా తడిపి వదలవలెను. తేలిక నేలలో ఒక దినమునకు, బరువు నేలలో రెండు మూడు దినములకు అదనపు నీరు దిగిపోవును. అపుడు సెన్సారు చూపు అంకె మీ నేల "నిండు గుర్తు". మొక్క ఇక నీరు పీల్చలేక వడలిపోవు అంకె "వడలు గుర్తు"; దీనిని నేల పరీక్షా కేంద్రమువలన తెలిసికొనవచ్చును. ఈ రెంటి నడుమనున్నదే పైరుకు అందు నీరు.

ఒక పొలమున నిండు గుర్తు 22 శాతము, వడలు గుర్తు 10 శాతము అనుకొందము. పైరుకు అందునది 12 పాళ్లు. ఇందులో ఎంత తగ్గువరకు ఆగవచ్చునన్నది పైరునుబట్టి మారును. మిరప, ఉల్లి సున్నితమైనవి. 30 శాతము తగ్గగానే తడి పెట్టవలెను. టమాటాకు 40, వేరుసెనగకు 50, ప్రత్తికి 65 శాతము వరకు సాధారణముగా ఆగవచ్చును. ఈ లెక్కన పై పొలమున మిరపకు తెరచు అంకె సుమారు 18, టమాటాకు 17, వేరుసెనగకు 16, ప్రత్తికి 14. ఎండలు, వడగాడ్పులు తీవ్రముగానున్న దినములలో ఒక అంకె ముందుగానే తెరచుట మేలు.

మూయుటలో మరియొక జాగ్రత్త కావలెను. వాల్వు తెరచిన వెంటనే సెన్సారుకు నీరు చేరదు. నేలలో దిగుటకు సమయము పట్టును. అంకె నిండు గుర్తునకు వచ్చువరకు వాల్వు తెరచియే యున్నచో, పైనున్న నీరు తరువాత దిగివచ్చి ఎక్కువగును. అందుచే విడతలుగా పెట్టవలెను. అరగంట తెరచి, గంటసేపు ఆపి, అంకె చూచి, చాలనిచో మరల అరగంట తెరువవలెను. ఈ విడతల పద్ధతి పెట్టుటకు వీలులేని పరికరమును కొనరాదు.

మీ అంకె సరియైనదో కాదో వారమునకొకసారి మీ చేతితోనే పరీక్షింపవలెను. సెన్సారు ప్రక్కన అదే లోతు మట్టిని తీసి పిడికిట నొక్కి చూడుడు. ముద్ద కట్టుచున్న మట్టిని సెన్సారు పొడి అనుచున్నచో నమ్మవలసినది మీ చేతినే.

5. మూడవ విషయము: వార్త అందనపుడు వాల్వు ఏమి చేయవలెను?

చాలమంది అడుగని ప్రశ్న ఇది; పైరును నిలుపునది గాని, చెరచునది గాని ఇదియే.

చెడిన సెన్సారు తాను చెడితినని చెప్పదు. చాల సందర్భములలో నేల ఎండినదనియే చెప్పును. కారణము స్పష్టమే. విద్యుత్తు తెగ సెన్సారు మట్టినుండి పైకి లేచినచో దాని చుట్టునున్నది గాలి. గాలికి అంకె మిక్కిలి తక్కువ. తీగను ఎలుక కొరికినను అంకె తరచు పొడివైపే పోవును. కేంద్రపు పెట్టె దానిని నమ్మి వాల్వును తెరచును. ఎంత నీరు పోసినను గాలి తడియదు, అంకె మారదు, వాల్వు మూసికొనదు.

ఈ తప్పు నేనును చేసితిని. విద్యార్థులకు చూపుటకై వేసిన మిరప మడిలో, కలుపు తీయుచుండగా తొలిక తగిలి సెన్సారు నాలుగు వ్రేళ్లు పైకి లేచినది. దానిని ఎవరును గమనింపలేదు. రోజు మొత్తమునకు ఇంతకు మించి నీరు పోరాదను హద్దు నేను పెట్టియుండలేదు. పరికరము ఇచ్చిన ఉత్తరువులో దోషము లేదు. పొడి అన్నచోట నీరు వదలినది. రెండు సెలవు దినములు గడచి వచ్చిచూడగా సాళ్లలో నీరు నిలిచియున్నది. వేళ్లకు గాలి ఆడక, కుళ్లు తగిలి, పూతమీదనున్న మొక్కలు వారములో సగము వాడిపోయినవి. అది బోధించుటకు వేసిన మడి. అదే రైతు ఎకరము మిరపయైనచో, విత్తనము, నారు, కూలి, ఎరువు అన్నియు అప్పుగా మిగులును.

కావున ఈ క్రింది ఏర్పాట్లు తప్పనిసరిగా ఉండవలెను.

(అ) ప్రతి వాల్వునకు రోజువారీ గరిష్ఠ సమయము పెట్టవలెను. సెన్సారు ఏమి చెప్పినను ఆ గడువు తీరగానే వాల్వు మూసికొనవలెను. పై ఎకరపు లెక్కలో అవసరము రెండు గంటలు గనుక మూడు గంటలు గరిష్ఠముగా పెట్టవచ్చును.

(ఆ) ఈ గడువును లెక్కించు గడియారము వాల్వు పెట్టెలోనే ఉండవలెను. కేంద్రపు పెట్టెలో మాత్రమే ఉన్నచో, "మూయుము" అను వార్త దారిలో తప్పినపుడు వాల్వు తెరచియే యుండును.

(ఇ) ముందు చెప్పినట్లు బ్యాటరీ వాల్వు ఉన్న స్థితిలోనే నిలుచును. తెరచియుండగా బ్యాటరీ అయిపోయినచో మూసికొనలేదు. కావున బ్యాటరీ తగ్గుచుండగానే, మిగిలిన శక్తితో మూసికొని, మీ ఫోనుకు కబురు పంపునట్టి వాల్వునే తీసికొనవలెను.

(ఈ) తడి పెట్టిన తరువాత కూడ అంకె మారనిచో సెన్సారు చెడినదని భావించి, ఆ మడిని గడియారము పద్ధతికి మార్చి, రైతుకు తెలుపవలెను.

(ఉ) మోటారు తిరుగుచుండగా వాల్వులన్నియు ఒక్కసారి మూసికొనరాదు. ఒత్తిడి పెరిగి పైపుల అతుకులు ఊడును. రెండవ మడి వాల్వు తెరచుకొన్న పిమ్మటనే మొదటిది మూయవలెను. చివరి వాల్వునకు ముందు మోటారు ఆగవలెను.

(ఊ) అన్నియు విఫలమైనపుడు చేతితో తిప్పుటకు వీలుగా ప్రతిచోట ఒక మామూలు గేటువాల్వు ఉండితీరవలెను.

6. మొదట ఒక పంటకాలము

ఈ పరికరములను ఒక్కసారిగా పొలమంతట పెట్టుట వివేకము కాదు. మొదటి పంటకాలమున ఒక్క మడిలో సెన్సారులు మాత్రము పెట్టుడు. వాల్వును మీ చేతితోనే తిప్పుడు. ప్రతి ఉదయము అంకెను ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఆ ప్రక్కన మీరు తడి పెట్టిన గంటలు, వాన, పైరు తీరు వ్రాయుడు. పంట ముగియునప్పటికి మీ నేల ఎంత త్వరగా ఎండునో, ఏ అంకెవద్ద ఆకు వాడునో మీకే తెలియును. రెండవ పంటకాలమున ఆ మడి వాల్వును మాత్రము పరికరమునకు అప్పగింపుడు. అది నిలిచిన పిదపనే మిగిలిన మడులకు పెంచుడు. బోరు నీరు చాలని రైతులు ఇద్దరు ముగ్గురు కలసి ఒకే కేంద్రపు పెట్టెను పంచుకొన్నచో ఖర్చు తగ్గును; మరమ్మతు తెలిసినవాడు ఒకడైనను ఊరిలో ఉండును.

గుర్తుంచుకొనవలసిన సంగతులు

కరెంటు వచ్చినదని కాక, నేల ఎండినదని తడి పెట్టవలెను.

సెన్సారు పిడికెడు మట్టినే ఎరుగును. చోటును ఎంచవలసినవారు మీరు.

తెరచు అంకెను మీ నేలలోనే కనుగొనవలెను. మూయుటకు విడతల పద్ధతి పాటించవలెను.

చెడిన సెన్సారు "పొడి" అనియే చెప్పును. కావున ప్రతి వాల్వునకు గరిష్ఠ సమయము పెట్టనిదే ఒక్క రాత్రియు దానిని వదలరాదు.

వారమునకొకసారి మట్టిని చేతబట్టి చూడవలెను.

రాత్రిళ్లు గట్టువెంట నడచు కష్టమును యంత్రము తీర్చగలదు. పగలు ఒక్కసారి పొలము చుట్టివచ్చు పనిని మాత్రము దానికి అప్పగింపకుడు.